పొడిచినా విడువని చేతులు
(రేడియోలో ప్రసారమైన వాక్య సందేశము)

ధ్యాన వాక్యభాగములు: ఆదికాండము 2:15, లూకా 12:6, 7

  చిన్న ప్రార్థనతో ప్రారంభించుకుందాం.

ప్రేమగల తండ్రీ, నీ మాట వినడానికి మా చెవులను, దాని ప్రకారం పనిచేయడానికి మా చేతులను సిద్ధపరచుము. మాట్లాడే నన్ను మరుగుచేసి నీవే మాట్లాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రియులారా, ఈ దినం నేను ఒక తప్పును ఒప్పుకోవడంతో మొదలుపెట్టాలి. అది నా తప్పే.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. మీ సంఘాల్లో కూడా ఉండవచ్చు. ఎవరైనా విదేశానికి బయలుదేరుతుంటే, ఆ ఆదివారం ఆరాధన ముగిసేముందు వారిని ముందుకు పిలుస్తాం. సంఘపెద్దలు, పాస్టరు తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అమెరికాకు ఉద్యోగానికి వెళ్ళే కుర్రవాళ్ళకు చేశాను. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే తల్లులకు కన్నీళ్ళతో చేశాను. చదువుకోసం ఆస్ట్రేలియా వెళ్ళేవారికి చేశాను. వీసా రాకముందే, వీసా రావాలని కూడా చేశాను.

2016లో మా సంఘంలోని ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పశువైద్యం చదువుతోంది. తండ్రి రిటైరైన బడిపంతులు. "అయ్యగారూ, నేను దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌన్‌కు వెళ్తున్నాను. అక్కడ గాయపడిన సముద్ర పక్షులను కాపాడే కేంద్రం ఉంది. ఆరు వారాలు జీతం లేకుండా పనిచేస్తాను. ఖర్చులన్నీ నావే. రెండేళ్ళు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నాను. నా కోసం సంఘంలో ప్రార్థన చేయండి" అని అడిగింది.

నేనేమన్నానో తెలుసా? "అమ్మా, నశించిపోతున్న ఆత్మలు ఇన్ని కోట్లు ఉండగా, డబ్బు ఖర్చుపెట్టుకుని అంత దూరం పోయి పక్షులను కడుగుతావా? మీ నాన్నగారి వయసు చూడు, నీ పెళ్ళి సంగతి చూడు" అన్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది. "అయ్యగారూ, ఆదాముకు దేవుడిచ్చిన మొదటి పని ఏమిటి?" అంతే. వందనాలు చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం నేను ఆమెను ముందుకు పిలవలేదు. తలమీద చేయి ఉంచలేదు. ప్రార్థన లేకుండానే ఆ బిడ్డ విమానం ఎక్కింది.

దేవుని పిల్లలారా, ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఆమె వెళ్ళిన చోటు గురించి వెదకి చదివాను. అక్కడ ఏం జరిగిందో ముందు మీకు చెప్పి, తరువాత వాక్యంలోనికి వెళ్తాను.

పెంగ్విన్ అంటే మనకు మంచు గుర్తొస్తుంది. కానీ మంచులేని తీరాల్లో బ్రతికే పెంగ్విన్లు కూడా ఉన్నాయి. ఆఫ్రికా పెంగ్విన్ వాటిలో ఒకటి. దక్షిణ ఆఫ్రికా, నమీబియా తీరాల్లో, ఆ తీరాల దగ్గరి దీవుల్లో మాత్రమే అది గూడు కట్టుకుంటుంది. నిలబడితే మన మోకాలి ఎత్తు ఉంటుంది. బరువు మూడు కిలోలు అటూ ఇటూ. దాని అరుపు అచ్చం గాడిద ఓండ్ర పెట్టినట్టు ఉంటుంది. అందుకే దానిని గాడిద పెంగ్విన్ అని కూడా పిలిచేవారు.

2000వ సంవత్సరం జూన్ 23న కేప్‌టౌన్ సముద్రంలో ట్రెజర్ అనే ఓడ మునిగిపోయింది. అది బ్రెజిల్ నుండి చైనాకు ఇనుప ఖనిజం తీసుకుపోతున్న పెద్ద ఓడ. దానిలోని ఇంధన నూనె, వెయ్యి టన్నులకు పైగా, సముద్రంలో కలిసింది. ఓడ మునిగిన చోటుకు ఒక ప్రక్క రాబెన్ దీవి, ఇంకొక ప్రక్క డాసెన్ దీవి. రాబెన్ దీవి అంటే నెల్సన్ మండేలా గారు పద్దెనిమిదేళ్ళు చెరలో ఉన్న దీవే. ఈ రెండు దీవుల్లోనూ వేలాది పెంగ్విన్లు గూళ్ళు కట్టుకుని పిల్లలను పెంచుకుంటున్నాయి.

నూనె అంటితే పక్షికి ఏమవుతుంది? దాని ఈకలు ఒకదానిమీద ఒకటి పేర్చిన తాటాకు కప్పులాంటివి. నీళ్ళు లోపలికి రావు. నూనె తగలగానే ఆ కప్పు చెదిరిపోతుంది. చల్లని నీరు నేరుగా చర్మానికి తగులుతుంది. ఆ పక్షి చలికి తట్టుకోలేక ఒడ్డుకు వచ్చి నిలబడుతుంది. ఒడ్డున ఆహారం లేదు. నీళ్ళలోకి దిగితే చలి, ఒడ్డున ఉంటే ఆకలి. ఒళ్ళు శుభ్రం చేసుకుందామని ముక్కుతో ఈకలు దువ్వుకుంటే, ఆ నూనె కడుపులోకి పోయి పేగులను పాడుచేస్తుంది.

సుమారు 19,000 పెంగ్విన్లకు నూనె అంటింది. కేప్‌టౌన్‌లో సముద్ర పక్షుల రక్షణకు 1968లో ప్రారంభమైన శాన్‌కాబ్ అనే సంస్థ ఉంది. దాని ఆవరణ వాటికి సరిపోలేదు. సాల్ట్ రివర్ అనే చోట రైళ్ళు బాగుచేసే పెద్ద షెడ్డును తీసుకుని, లోపల వందలాది చిన్న దొడ్లు కట్టారు. ప్రపంచ దేశాల నుండి అనుభవం ఉన్నవారు వందమందికి పైగా దిగారు. ఇక ఊరి జనం! గృహిణులు, విద్యార్థులు, ఉద్యోగులు, స్వచ్ఛందంగా వచ్చినవారు 12,000 మందికి పైనే. ఒక్కొక్క పక్షిని డిటర్జెంటు నీళ్ళలో కడిగారు. కళ్ళచుట్టూ టూత్‌బ్రష్‌తో రుద్దారు. సబ్బు కొంచెం మిగిలినా ఈకలు నీటిని ఆపలేవు గనుక మళ్ళీ మళ్ళీ మంచినీళ్ళతో కడిగారు. తరువాత వారాల తరబడి చేతితో చేపలు తినిపించారు.

నూనె అంటని పెంగ్విన్ల సంగతి ఏమిటి? అవి ఆ దీవుల్లో ఉంటే సముద్రంలోకి దిగి నూనెలో పడతాయి. కనుక సుమారు 19,500 పక్షులను పట్టి, లారీలకెక్కించి, తూర్పున దూరంగా ఉన్న పోర్ట్ ఎలిజబెత్ అనే ఊరికి తీసుకుపోయి అక్కడి సముద్రంలో విడిచిపెట్టారు. ఆ ఊరికి 2021లో గెబేఖా అని పేరు మార్చారు. అక్కడినుండి ఇంటికి సుమారు 800 కిలోమీటర్లు. మన శ్రీకాకుళం తీరం నుండి నెల్లూరు తీరం వరకు ఎంత ఉంటుందో దాదాపు అంత. వాటికి ఎవరూ దారి చూపలేదు. అయినా అవి ఈదుకుంటూ ఇంటిదారి పట్టాయి. మూడు పక్షులకు ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు కట్టి, పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు పెట్టారు. ఈ పూట అవి ఎంతదూరం వచ్చాయో అని జనం రోజూ వార్తల్లో చూసేవారు. మన పేతురు సముద్రం మీద నడుస్తూ మునిగిపోసాగాడు. ఈ పీటర్ మాత్రం ఈదుకుంటూ క్షేమంగా ఇల్లు చేరింది! అవి ఈదివస్తున్న ఆ వారాల్లోనే ఇక్కడ మనుష్యులు సముద్రాన్ని శుభ్రం చేశారు.

ప్రియ సహోదరీ, నీ ఇల్లు కనబడనంత దూరం దేవుడు నిన్ను ఎందుకు తీసుకుపోయాడో నీకు అర్థం కావడం లేదేమో. ఆ పక్షులకూ అర్థం కాలేదు. దూరమే వాటికి రక్షణ అయ్యింది.

కడిగిన పక్షుల్లో పదింట తొమ్మిదింటిని బ్రతికించి తిరిగి సముద్రంలోకి పంపారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1994లో, అపోలో సీ అనే ఓడ మునిగినప్పుడు నూనె అంటిన సుమారు 10,000 పెంగ్విన్లలో సగం చనిపోయాయి. ఆ ఓటమిలో నేర్చుకున్న పాఠాలే ఈసారి పనికి వచ్చాయి.

ఇప్పుడు వాక్యంలోనికి వెళ్దాం. మూడు సంగతులు మీ ముందు పెడతాను.

మొదటిది, కాపాడమని దేవుడే అప్పగించాడు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆదికాండము 2:15లో ఉంది. దేవుడు మనుష్యుని తీసుకుని ఏదెను తోటలో ఉంచి రెండు పనులు అప్పగించాడు. ఒకటి దానిలో పని చేయడం, రెండవది దానిని కాపాడడం. కాపాడడానికి అక్కడ వాడిన హీబ్రూ మాట 'షామర్'. వేదాంత కళాశాలలో ఈ మాట నేను కంఠస్థం చేశాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. కానీ గుండెలోకి రాలేదు.

ఈ షామర్ అనే మాట మళ్ళీ ఎక్కడ వస్తుందో చూడండి. ఆదికాండము 4వ అధ్యాయంలో దేవుడు కయీనును, నీ తమ్ముడు ఎక్కడ అని అడిగినప్పుడు, వాణ్ణి కాయడం నా పనా అని అతడు ఎదురు ప్రశ్న వేశాడు. అక్కడ కాయడం అన్నది ఈ షామరే. తోటను కాయమని తండ్రికి చెప్పిన మాటను, తమ్ముణ్ణి కాయనని కొడుకు తోసిపుచ్చాడు. మళ్ళీ 121వ కీర్తన చూడండి. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు అన్న భావం ఉన్నచోట కూడా అదే మాట. అంటే కాపాడడం మొదట దేవుని పని. ఆ పనిలో ఒక చిన్న భాగాన్ని మన చేతుల్లో పెట్టాడు. కూలికి కాదు, తన స్వరూపమందు చేసుకున్నాడు గనుక పెట్టాడు.

ఏలుబడి చేయమన్నాడు కదా, మృగాలను పక్షులను మన కాళ్ళక్రింద ఉంచాడు కదా అని కొందరు అంటారు. నిజమే. కానీ మనం ఏ రాజును చూసి ఏలడం నేర్చుకోవాలి? తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన రాజును చూసి కాదా?

రెండవది, దేవుని లెక్కలో మనుష్యులూ ఉన్నారు, ప్రాణులూ ఉన్నాయి.

నేను ఆ అమ్మాయిని అడిగిన ప్రశ్న చులకనగా తోసివేయదగినది కాదు. ఆకలిగొన్న మనుష్యులు ఉండగా పక్షులకు ఇంత ఖర్చా? దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలి. ఎందుకంటే, అదే 2000 సంవత్సరం జూలైలో, కేప్‌టౌన్‌లో పక్షులను కడుగుతున్న ఆ వారాల్లోనే, అదే దేశంలోని డర్బన్ పట్టణంలో ప్రపంచ ఎయిడ్స్ మహాసభ జరిగింది. డర్బన్ మనకు కొత్త ఊరు కాదు. చెరకు తోటల్లో పనికోసం మన తెలుగువారు ఓడలెక్కి చేరిన రేవు అది. వారికి సువార్త చెప్పడానికి 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు పంపగా జాన్ రంగయ్య గారు దిగిన ప్రాంతం అది. ఆ మహాసభ ప్రారంభంలో న్కోసి జాన్సన్ అనే పదకొండేళ్ళ బాలుడు వేదికమీద నిలబడ్డాడు. పుట్టుకతోనే హెచ్‌ఐవి సోకిన బిడ్డ. మమ్మల్ని వెలివేయకండి, మేమూ మీలాంటి మనుష్యులమే అనే అర్థం వచ్చేలా ప్రపంచాన్ని బ్రతిమాలాడు. 2001 జూన్‌లో చనిపోయాడు.

ఆ బాలుడు ఒక ప్రక్క, ఈ పక్షులు ఒక ప్రక్క. క్రైస్తవుడు ఎటు చూడాలి?

యేసు ప్రభువు ఏమి బోధించాడు? లూకా 12లో అయిదు పిచ్చుకల బేరం గుర్తుచేశాడు. అంత చవకైన పిట్టల్లో ఒక్కదానిని కూడా దేవుడు మరచిపోడని, మీరైతే అనేక పిచ్చుకలకంటె విలువైనవారని నేర్పించాడు. మనిషి ఎక్కువ విలువైనవాడు, ఇందులో సందేహం లేదు. కానీ ఆ మాటను మనం ఎలా చదువుతున్నామంటే, మనిషి ఎక్కువ గనుక పిచ్చుక లెక్కలోనే లేదు అని! ప్రభువు అలా చెప్పలేదు. పిచ్చుకను కూడా మరచిపోని తండ్రి నిన్ను ఎలా మరచిపోతాడు అని చెప్పాడు. పిచ్చుకను లెక్కలోనుండి తీసేస్తే, నాకు ఇచ్చిన ఆదరణ కూడా పోతుంది.

యోనా గ్రంథం ఎలా ముగుస్తుందో గమనించారా? నీనెవె నాశనం కాలేదని యోనా అలిగి కూర్చున్నాడు. దేవుడు అతనితో ఆ పట్టణం లెక్క చెప్పాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు మించిన మనుష్యులు ఉన్నారన్నాడు. అక్కడితో ఆపవచ్చు కదా? ఆపలేదు. అక్కడి పశువులను కూడా ఆ లెక్కలో కలిపాడు. ఆ పుస్తకంలో చివరి మాట ఆ పశువుల గురించే.

ఇంకొకటి ఆలోచించండి. ఆ నూనెను సముద్రంలో పోసింది పెంగ్విన్లు కాదు. ఓడ మనిషిది, ఇనుము మనిషిది, వ్యాపారం మనిషిది. కాబట్టి ఆ పక్షులను కడగడం జాలిపడి వేసిన భిక్ష కాదు, అది బాకీ తీర్చడం. జక్కయ్య ప్రభువును చేర్చుకున్న రోజున, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వారికి నాలుగంతలు ఇస్తానన్నాడు. మారుమనస్సు పొందినవాడు బాకీ తీర్చుకుంటాడు.

ప్రేమ చెంబులోని నీళ్ళు కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తగ్గిపోవడానికి. అది ఊట. నేను నన్నే పరీక్షించుకున్నాను. ఆ అమ్మాయికి ఆత్మల గురించి ఉపన్యాసం చెప్పిన వారంలో, నేను ఎంతమంది హెచ్‌ఐవి రోగుల ఇంటికి వెళ్ళాను? ఒక్కరి ఇంటికీ వెళ్ళలేదు. మనుష్యులు ముఖ్యం అన్న మాటను నేను మనుష్యులకోసం వాడలేదు, ఆ బిడ్డ నోరు మూయించడానికి వాడాను. దేవుడు నన్ను క్షమించును గాక.

మూడవది, కాపాడే చేయి పొడిపించుకుంటుంది, చివరికి విడిచిపెడుతుంది.

ఆరు వారాల తరువాత ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. మేమిద్దరం, అంటే నేనూ అమ్మగారూ, వాళ్ళ ఇంటికి వెళ్ళాం. ఆమె చేతులు చూశాను. మోచేతుల వరకు గాట్లు, మానిన మచ్చలు. "ఏంటమ్మా ఇది?" అంటే నవ్వింది.

"పెంగ్విన్ ముక్కు కత్తిలా ఉంటుంది అయ్యగారూ. మందమైన తొడుగులు వేసుకున్నా సందు చూసి పొడుస్తుంది. దానికి మనం శత్రువులం. పట్టుకుని తినేస్తామని దాని భయం. మోకాళ్ళ మధ్య పట్టుకుని నోరు తెరిచి చేప పెడితే, ఆ చేప మింగి, అదే నోటితో పొడుస్తుంది."

మొదటి రోజుల్లో పక్షిని పట్టుకోనివ్వలేదట. రెట్టలు కడగడం, పట్టాలు ఉతకడం, బుట్టలు తోమడం, చేపలు లెక్కపెట్టడం, ఇదే పని. బట్టలకు పట్టిన చేపల వాసన ఎన్నిసార్లు ఉతికినా పోలేదట. ఆమె వెళ్ళింది అక్టోబరు నెలలో. ఆ కాలంలో పెద్ద పెంగ్విన్లు పాత ఈకలు రాల్చుకుంటాయి. ఆ మూడు వారాలు వాటికి నీళ్ళు తట్టుకునే శక్తి ఉండదు గనుక సముద్రంలోకి దిగి వేటాడలేవు. ఆలస్యంగా పుట్టిన పిల్లలకు తిండి తెచ్చేవారు ఉండరు. అలా గూళ్ళలో మిగిలిపోయిన పిల్లలను తెచ్చి పెంచడమే వారి పని. చేపను మెత్తగా నూరి, గొట్టంతో గొంతులోకి పోస్తారు. కొన్ని బ్రతుకుతాయి, కొన్ని బ్రతకవు. "రాత్రి బాగానే తిన్న పిల్ల తెల్లారేసరికి చనిపోయి ఉండేది అయ్యగారూ. ఏడవడానికి టైము ఉండేది కాదు. ప్రక్క పిల్లకు తిండి పెట్టాలి కదా" అంది.

ఆ మచ్చలు చూస్తుంటే నాకు రోమా పత్రిక 5వ అధ్యాయం గుర్తొచ్చింది. మనం మంచివారమైన తరువాత క్రీస్తు మన దగ్గరికి రాలేదు. మనమింకా శత్రువులమై యుండగానే మనకోసం చనిపోయాడు. మనల్ని కడిగిన ఆ చేతులను మనమే పొడిచాం. ఆయన చేతుల్లో కూడా మచ్చలున్నాయి. తోమా చూచిన ఆ మచ్చలు మనం చేసినవే. అయినా ఆయన చేయి విడువలేదు.

ఆమె ఇంకొక మాట చెప్పింది. బాగైన పక్షులను అట్టపెట్టెల్లో పెట్టుకుని సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్ళారట. మూతలు తీశారు. పక్షులు గుంపుగా నీళ్ళవైపు నడిచాయి. "ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు అయ్యగారూ. నేను నెలరోజులు తినిపించిన పిల్ల కూడా చూడలేదు. అదే మా జీతం అని అక్కడి పెద్దావిడ చెప్పింది. అది మనల్ని మరచిపోతేనే మనం పని సరిగ్గా చేసినట్టట."

యౌవనస్థులారా, ఈ మాట బాగా వినండి. విదేశాల్లో ఇలాంటి సేవకు వెళ్ళాలని మీలో కొందరికి కోరిక ఉండవచ్చు. మంచిదే. కానీ రక్షణ కేంద్రం అని బోర్డు ఉన్నదల్లా రక్షణ కేంద్రం కాదు. అదే దక్షిణ ఆఫ్రికాలో కొన్నిచోట్ల సింహపు పిల్లలను తల్లినుండి వేరుచేసి, విదేశాల నుండి వచ్చే యువకుల దగ్గర డబ్బు తీసుకుని, పాలసీసాతో పాలు పట్టించి ఫొటోలు తీయించేవారు. ఆ యువకులు తాము అనాథ పిల్లలను కాపాడుతున్నామని నమ్మేవారు. కానీ కంచెల మధ్య పెంచిన సింహాలలో చాలావాటిని పెద్దయ్యాక డబ్బిచ్చి వేటాడేవారికి అప్పగించేవారు. బందీలుగా సింహాలను పెంచే ఈ వ్యాపారాన్ని ఆపాలని 2021లో ఆ దేశ ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందమే సిఫారసు చేసింది. గొఱ్ఱె తోలు కప్పుకున్న తోడేళ్ళను ఫలములనుబట్టి గుర్తుపట్టమని మన ప్రభువు హెచ్చరించాడు. కనుక వెళ్ళేముందు అడగండి: ఈ ప్రాణి చివరికి అడవికి, సముద్రానికి పోతుందా, లేక ఇక్కడే ఉంటుందా? ఒళ్ళో పెట్టుకుని ఫొటో దిగనిస్తారా, లేక దూరంగా ఉండమంటారా? నిజమైన కాపరి తనకోసం ఉంచుకోడు.

సంఘ కాపరులారా, తలిదండ్రులారా, ఇది మనకు కూడా చెందుతుంది. మనం పెంచిన పిల్లలు, మనం నడిపించిన విశ్వాసులు మన పెట్టెలో ఉండిపోవాలని కోరుకుంటాం. నేను ఆ అమ్మాయిని ఆపబోయింది కూడా అందుకేనేమో.

ప్రియ శ్రోతలారా, అందరం కేప్‌టౌన్ వెళ్ళలేం. వెళ్ళనక్కరలేదు కూడా. మన తీరంలో ప్రతి శీతాకాలం ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మర పడవల వలల్లో చిక్కి, ఊపిరాడక చనిపోయి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. తీర గ్రామాల సంఘస్థులారా, గుడ్లను కుక్కలు తవ్వకుండా కాసే యువకులు మీ ఊళ్ళో ఉంటే వారితో ఒక రాత్రి నిలబడండి. సంక్రాంతికి గాలిపటాల నైలాన్ మాంజా కొంగల రెక్కలు తెగ్గోస్తుంది. దానిని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. మీ పిల్లల చేతిలో అది ఉందేమో చూడండి. నిర్గమకాండము 23లో, నీ పగవాని గాడిద బరువు క్రింద పడిపోతే చూచి వెళ్ళిపోవద్దు, లేపడానికి సహాయం చేయుమని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. గాడిదలా ఓండ్ర పెట్టే ఆ పక్షి అరుపు విన్నప్పుడల్లా ఆమెకు ఈ వాక్యమే గుర్తొచ్చేదట.

పని అయిపోలేదు. ఆఫ్రికా పెంగ్విన్లు ఇప్పుడు 10,000 జతలకన్నా తక్కువే మిగిలాయి. 2024లో వాటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. అవి తినే సార్డీన్, ఆంకోవీ చేపలు తగ్గిపోవడం ఒక ముఖ్య కారణం. 2025 మార్చిలో అక్కడి న్యాయస్థానం ఆరు పెంగ్విన్ స్థావరాల చుట్టూ కొంతమేర చేపలవేటను పదేళ్ళపాటు ఆపించింది. ఆ అమ్మాయి గొట్టంతో తినిపించిన పిల్లల్లో ఎన్ని ఈ రోజు బ్రతికి ఉన్నాయో దేవునికే తెలుసు. సృష్టియావత్తు మూల్గుతూ దేవుని కుమారులు బయలుపడడం కోసం ఎదురుచూస్తున్నదని రోమా 8వ అధ్యాయంలో పౌలు బోధించాడు. అది మనకోసం ఎదురుచూస్తోంది ప్రియులారా, మనం ఎక్కడున్నాం?

ఆమె తిరిగివచ్చిన తరువాతి ఆదివారం నేను ఆమెను సంఘం ముందుకు పిలిచాను. వెళ్ళేటప్పుడు చేయవలసిన ప్రార్థన ఆలస్యంగా చేశాను. ముందుగా సంఘమంతటి ఎదుట ఆ బిడ్డను క్షమించమని అడిగాను. వాళ్ళ నాన్నగారు చివరి బెంచీలో కూర్చుని ఉన్నారు. ఆయన కూడా ఆమె ప్రయాణానికి ఒప్పుకోనివారే. లేచి ముందుకు వచ్చి, నా చేతి ప్రక్కన తన చేయి కూడా కూతురి తలమీద ఉంచారు. ఏమీ మాట్లాడలేదు.

సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో యాజకులు ప్రజలను దీవించడానికి దేవుడు ఒక దీవెన నేర్పించాడు. ప్రతి ఆదివారం దాని భావంతోనే మిమ్మును పంపుతాం. దానిలో దేవుడు నిన్ను కాపాడును గాక అనే భావమిచ్చే మాట ఉంది కదా, అది కూడా షామరే. ఆయన నిన్ను కాస్తాడు, నీవు ఆయన చేసినదానిని కాయి.

ప్రార్థన చేసుకుందాం.

కృపగల ప్రభువా, నిన్ను పొడిచిన మమ్మును నీవు విడువలేదు, నీకు స్తోత్రము. నీవు లెక్కపెట్టిన పిచ్చుకను మేము లెక్కలోనుండి తీసివేశాము, క్షమించుము. నీ పేరు ఎరుగకపోయినా నీ పనిని చేస్తున్న చేతులను ఆశీర్వదించుము. దూరదేశాల్లో సేవచేస్తున్న మా పిల్లలను కాపాడుము. ప్రార్థన లేకుండా మేము పంపివేసిన వారెవరైనా ఉంటే, వారికి ముందుగా నీవే నడువుము. మా ఇంటి వాకిట పడియున్న ప్రాణిని, మా వీధిలో వెలివేయబడిన మనిషిని చూడకుండా దాటిపోకుండా మా కాళ్ళను ఆపుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

కునుకని కాపరి మిమ్మును, మీ ఇంటివారిని, మీ పశువులను, మీ పొలములను కాచి భద్రపరచును గాక. మరల వచ్చే సందేశంలో కలుసుకుందాం.